మృతజీవుల రాత్రి : ఒక చలనచిత్రముయొక్క పాఠచరిత్ర

గ్రంథముయొక్క గుణదోషములను విచారింపఁబూనువాఁడు ముందుగా దాని పాఠమును నిర్ణయించుకొనవలెననుట పండితలోకమున నందఱు నెఱిఁగిన నియమము. తాళపత్రమునఁ బురుగు తిన్న యక్షరమును గవి ప్రమాదముగా నెంచినవాఁడు విమర్శకుఁడు గాఁడు. లేఖకుని తప్పును గవిమీఁద మోపిన యన్యాయకారి. ఈ నియమము తాటియాకులకును గాగితములకును మాత్రమే చెల్లునా, ఫిలిముపొరమీఁది బొమ్మలకుఁ గూడఁ జెల్లునా యను ప్రశ్న దినపత్రికలలోఁ జలనచిత్రములను సమీక్షించినవారికిఁ జిరకాలము తోఁచినట్లు కానరాదు. అందును దక్కువ సొమ్ముతోఁ దీయఁబడిన భయానకచిత్రముల విషయమున, వానిని జూచుటయే చిన్నతనముగా భావించిన సమీక్షకులు పలువురు, పాఠవిచారణమాట యటుండఁగా, రసవిచారణము సయితము చేయక తీర్పు చెప్పిరి. ఆ తీర్పులలో మిక్కిలి కఠినమైనవి కొన్ని 1968లో నమెరికాలోని పిట్స్‌బర్గు నగరమున వెలువడిన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ అను చిత్రముమీఁదఁ బడినవి.

ఈ పేరును దెనిఁగించుచో జీవన్మృతుల రాత్రి యనుటకు నోరు దొందరపడును. కాని జీవన్మృతుఁడనఁగా బ్రదికియుండియుఁ జచ్చినవానితో సమానుఁడు. ఈ చిత్రమునందలివారు చచ్చియు నడుచువారు. కాఁబట్టి సమాసమును దలక్రిందుచేసి మృతజీవులనుటయే యర్థమునకు సరిపోవును. వారికిఁ జిత్రములో ‘జాంబీ’ యను పేరు లేదు. వారిని ‘గూల్’ అందురు. గూల్ అరబ్బీశబ్దము. ఎడారిదారులలో బాటసారులను మాయచేసి చంపు పిశాచమునకుఁ బేరు. అది పదునెనిమిదవ శతాబ్దమున నింగ్లీషులోనికి వచ్చి, గోరీలు త్రవ్వి శవములను దినుదాని కర్థమయ్యెను. జాంబీ హైతీదేశపు మాట. అచ్చటి కథలలో జాంబీ యనఁగా మంత్రగాఁడు గోరినుండి లేపి, తెలివి హరించి, వెట్టిచాకిరి చేయించుకొను దాసుఁడు. వాఁడెవ్వరిని దినువాఁడు గాఁడు. వాని బ్రదుకునే పరులు దినిరి. 1932లో విక్టర్ హాల్పెరిన్ తీసిన ‘వైట్ జాంబీ’లో, అదియుఁ జౌకచిత్రమే, శవములు చెఱకుగానుగను ద్రిప్పుచుండును. రొమేరో చిత్రము తరువాతఁ బ్రేక్షకులనోట నీ రెండు శబ్దముల యర్థములును గలసిపోయి, శవభక్షకునికే జాంబీ యను పేరు రూఢమయ్యెను. దాసుని పేరు పోయి భక్షకునికిఁ జేరుట శబ్దచరిత్రలో వింతయైన ఘట్టము. అవయవార్థమును రూఢి మ్రింగివేయుట వైయాకరణులకుఁ గ్రొత్తగాదు గాని, యొకజాతివారి దుఃఖమును మ్రింగివేసిన రూఢి యిది.

చిత్రమును దీసినవారికి హాలీవుడ్డుతో సంబంధము లేదు. జార్జి రొమేరో (1940–2017) న్యూయార్కున జన్మించి, చదువునకై పిట్స్‌బర్గు చేరి, యచ్చటనే నిలిచి, మిత్రులతోఁ గలసి ‘లేటెంట్ ఇమేజ్’ అను చిన్నసంస్థను నడుపుచుండెను. వర్తకుల సరకులకుఁ బ్రకటనచిత్రములు దీయుట వారి జీవనము. పిట్స్‌బర్గు ఉక్కుకొలుముల యూరు. సినిమాల యూరు గాదు. 1967లో వీరు పదుగురు గూడి, తలకు 600 డాలర్ల చొప్పున వేసికొని, ‘ఇమేజ్ టెన్’ అను పేర నొక కూటమి నేర్పఱచుకొనిరి. ఆ 6,000 డాలర్లు చాలకపోఁగా మఱికొందఱిని జేర్చుకొని, తుదకు రమారమి 1,14,000 డాలర్లతోఁ జిత్రమును ముగించిరి. కథను రొమేరోయు జాన్ రస్సోయుఁ గలసి వ్రాసిరి. కెమెరా పట్టినవాఁడును, దునుకలను గూర్చినవాఁడును రొమేరోయే. సొమ్ము పెట్టిన కార్ల్ హార్డ్‌మన్, రస్సెల్ స్ట్రైనరు మొదలగువారే వేషములును వేసిరి. హార్డ్‌మన్ కూఁతురే చిత్రములోను నతని కూఁతురు.

ఇవాన్స్ సిటీ యను చిన్నయూరిదగ్గఱఁ బడఁగొట్టుటకు నిర్ణయింపఁబడిన పాతయిల్లొకటి వారికి దొరకెను. పడిపోవలసిన యిల్లు గావున దాని తలుపులకు మేకులు గొట్టినను, గిటికీలు పగులఁగొట్టినను నడుగువారు లేరు. నలుపుతెలుపుల ఫిలిము రంగుఫిలిముకంటెఁ జౌక. దానిపై నెఱ్ఱదనముతోఁ బని లేదు గనుక నెత్తురునకు బదులు చాకొలేటుపానకము వాడిరి. నటులలో నొకనికి మాంసపుటంగళ్లుండుటచే భక్షణఘట్టమునకుఁ గావలసిన ప్రేగులు వెలలేకయే వచ్చెను. సంగీతవిద్వాంసుని బెట్టుకొను శక్తి లేక, యమ్మకమునకు సిద్ధముగా నుండు సంగీతభాండారమునుండి తునుకలు గొని యతికించిరి. ఇందులోఁ గొన్ని దారిద్ర్యమువలనఁ గలిగిన దోషములే. దాఁచి ప్రయోజనము లేదు. సంగీతము కొన్నిచోట్లఁ గథకంటె ముందు పరుగెత్తును. శవములు లేచుటకుఁ గారణముగా శుక్రగ్రహమునుండి మరలుచున్న యొక యంతరిక్షయంత్రముయొక్క కిరణప్రసారమును వార్తలలోఁ జెప్పించుట యనవసరము. ఆ కారణము చిత్రమునకుఁ బనికిరాదు, చిత్రము దానికిఁ బనికిరాదు.

కథ చిన్నది. బార్బరా, జానీ యను తోఁబుట్టువులిరువురు తండ్రిగోరిపై దండ నుంచుటకు దూరపు శ్మశానమునకు వత్తురు. నడచుచున్న శవమొకటి జానీని జంపును. బార్బరా పాఱిపోయి యొక యొంటరి యింటఁ దలదాఁచుకొనును. బెన్ అను నల్లజాతివాఁడు వచ్చి, తలుపులకును గిటికీలకును బలకలు గొట్టి యింటిని గోటగాఁ జేయును. నేలమాళిగలో మఱి యైదుగురు దాఁగియుందురు: హ్యారీ కూపరు, అతని భార్య, గాయముతో జబ్బుపడిన కూఁతురు, టామ్, జూడీ యను యువదంపతులవంటి జంట. మీఁదనే యుండవలెనని బెన్, మాళిగలో నుండవలెనని కూపరు. బయట శవములు, లోపలఁ దగవు. టామ్, జూడీ బండి నెక్కి పోఁజూచి పెట్రోలుమంటలోఁ గాలిపోవుదురు. శవములు వారిని దినును. కూపరు కూఁతురు చచ్చి లేచి తల్లిని దాపీతోఁ బొడుచును. జానీ శవమై వచ్చి తోఁబుట్టువును లాగికొనిపోవును. తుట్టతుదకు బెన్, తాను వలదన్న యా మాళిగలోనే దాఁగి రాత్రి గడపును. తెల్లవాఱఁగానే శవములను గాల్చుచు వచ్చిన షెరీఫు దండు కిటికీలోఁ గానవచ్చిన బెన్నును శవమనుకొని తుపాకితోఁ గాల్చును. పిమ్మటఁ జలనము లేని ఛాయాపటములు కొన్ని, వార్తాపత్రికలో నచ్చొత్తినట్లు మోటుగా, తెరపై నొకదానివెంట నొకటి వచ్చును. వానిలో మాంసపుఁ గొక్కెములు చేతఁబట్టినవారు బెన్ దేహమును గొనిపోయి కట్టెలప్రోవుపై నుంచుదురు. కథ యింతే.

1968 అక్టోబరు 1వ తేదీన నీ చిత్రము పిట్స్‌బర్గులోని ఫుల్టన్ థియేటరున మొదటిసారి ప్రదర్శితమయ్యెను. సినిమావ్యాపారుల పత్రికయగు ‘వెరైటీ’ సమీక్షకుఁడు దీనిని గేవలము క్రౌర్యోత్సవముగాఁ జూచి, తీసినవారి నిజాయితీనే గాక, పంపకము చేసినవారిని, బ్రదర్శించినవారిని, దుదకుఁ జూడవచ్చినవారి మానసికారోగ్యమును గూడ శంకించెను. ‘న్యూయార్క్ టైమ్స్’లో విన్సెంట్ క్యాన్బీ కొన్ని వాక్యములలోనే పని ముగించెను: పిట్స్‌బర్గులో నెవ్వరో నేర్పులేనివారు తీసిన చిన్నచిత్రము, నేర్పులేని నటులను నేర్పులేని నటులే చుట్టుముట్టుదురు, అని దాని సారాంశము. చమత్కారము లేకపోలేదు. కాని చిత్రమునందేమున్నదో యా వాక్యములవలనఁ దెలియదు. చిత్రమునకెంత సొమ్ము లేదో మాత్రము తెలియును.

మూఁడవవాని వ్రాఁత వేఱుజాతిది. షికాగో ‘సన్ టైమ్స్’ పత్రికకు వ్రాయుచుండిన రోజర్ ఎబర్ట్ యను యువకుఁడు పగటియాటకుఁ బోయి, చిత్రముకంటె నెక్కువగా హాలులోని పిల్లలను జూచెను. అమెరికాలోఁ జిత్రములకు వయోభేదముననుసరించి గుఱుతులు వేయు పద్ధతి 1968 నవంబరునఁగాని రాలేదు; ఈ చిత్రము దానికి నెలరోజులు ముందే వెలువడెను. కాఁబట్టి ఱంకెలు వేయు రాక్షసులను జూచి నవ్వుకొనుటకు వచ్చినట్లు పసిబిడ్డలు వచ్చి కూర్చుండిరి. మొదట వారు కేకలు వేసిరి. క్రమముగా హాలు నిశ్శబ్దమయ్యెను. బెన్ కూలినప్పుడు తొమ్మిదేండ్ల ప్రాయముదిగాఁ దోఁచిన బాలిక యొకతె కదలక కూర్చుండి యేడ్చుచుండెనని యాతఁడు వ్రాసెను. 1969 జనవరిలో వెలువడిన యా వ్యాసమును ‘రీడర్స్ డైజెస్ట్’ మఱల నచ్చువేసి దేశమంతటికిఁ జేర్చెను.

ఆ బాలిక యేడ్చుట గొప్పసాక్ష్యము. పిల్లలను లోనికిఁ బంపినవారిని నిందించుటయు న్యాయమే. కాని యాసాక్ష్యమువలనఁ దేలు నంశము రెండుగాఁ జీలుచున్నది. ప్రదర్శించినవారు తప్పు చేసిరనుట యొకటి; చిత్రము తప్పనుట వేఱొకటి. నాయకుఁడు బ్రదుకునని యెల్లచిత్రములును నేర్పియుండఁగా, నీ నాయకుఁడు రాత్రియెల్ల శవములనుండి తప్పించుకొని యుదయమున మనుష్యులచేఁ జచ్చెను. విశ్రాంతమైన పెద్దల మనస్సులు జాఱవిడిచిన యీ యర్థమును దొమ్మిదేండ్ల బాలిక పట్టుకొనెను. ఆ సంవత్సరపు సమీక్షకులలో మిక్కిలి సరిగాఁ జదివినది యామెయే యేమో! ఎబర్ట్ కూడఁ దరువాతికాలమునఁ జిత్రమును మెచ్చుకొన్నవాఁడే.

దారిద్ర్యము దోషము గాదనుటకు సమీక్షకులకుఁ బూర్వోదాహరణము లేకపోలేదు. 1942లో ఆర్.కె.ఓ. సంస్థవారు వాల్ ల్యూటన్ అనువానికి భయానకచిత్రముల శాఖ నప్పగించుచు మూఁడు కట్టుబాట్లు విధించిరి: ఒక్కొక్కదానికి 1,50,000 డాలర్లు మించరాదు, నిడివి 75 నిమిషములు మించరాదు, పేరు సంస్థవారే పెట్టుదురు. మొదటిపేరు ‘క్యాట్ పీపుల్’. ఇట్టిపేరిచ్చి పిల్లివేషములు కోరినవారికి ల్యూటనును, దర్శకుఁడగు జాక్ టూర్నరును వేషముల నియ్యలేదు. తాను చిఱుతగా మాఱుదునేమోయని వెఱచు నొక స్త్రీకథను జెప్పి, మృగమును దాదాపు చూపకయే నడిపిరి. రాత్రివేళ నొంటరిగాఁ బోవు యువతి వెనుక నడుగుల చప్పుడు వినవచ్చి యాఁగిపోవును, ఆమె తిరిగిచూచును, ఏమియు లేదు, అంతలో మృగగర్జనమువంటి బుస, అది యాఁగుచున్న బస్సు. ఈదులాడు కొలనులో మఱియొకరాత్రి నీటివెలుఁగులు గోడలపైఁ గదలుటయే భయము. ఆలంకారికులు దీనిని వ్యంజనావ్యాపారమందురు. వేషములకు సొమ్ము లేకుండుటయే వ్యంజనకు హేతువయ్యెను. జేమ్స్ ఏజీ మొదలగు కొందఱు సమీక్షకులు ల్యూటను పనితనమును గుర్తించి వ్రాసిరి. అనఁగాఁ జౌకచిత్రమునందును ధ్వని యుండునని యంగీకరించుటకు 1968 నాఁటికే దారి యేర్పడియుండెను.

చిక్కేమనఁగా, రొమేరో యా దారిని బోలేదు. ల్యూటను దాఁచినదానిని రొమేరో చూపెను. భయానకమును మెచ్చినవారికి బీభత్సమును మెచ్చుట కష్టము. భరతుఁడీ రెంటిని వేఱురసములుగాఁ బరిగణించెను. మొదటిదానికి భయము, రెండవదానికి జుగుప్స స్థాయిభావములు. నాటకమున మరణమును బ్రత్యక్షముగాఁ జూపరాదనియుఁ బ్రాచీనుల కట్టుబాటు. బీభత్సము సాధారణముగా నంగమై యుండునే కాని యంగి గాదు. భవభూతి మాలతీమాధవమున నైదవయంకమందు శ్మశానమును వర్ణించి, మాధవునిచేఁ బిశాచములకు నరమాంసమును విక్రయింపఁజూపించెను. అయినను నా మాంసవిక్రయమంతయు మాలతికొఱకే గదా! శృంగారమునకది యంగము. ఈ మర్యాదను బట్టి చూచినచో, ‘వెరైటీ’ సమీక్షకుఁడు సంస్కృతపదములు లేకయే యడిగిన ప్రశ్న సరియైనదే: ఈ బీభత్సము దేనికంగము? ప్రశ్న సరియే, ఉత్తరమునకై యాతఁడు చిత్రాంతమువఱకు వేచియుండలేదు.

రాత్రియంతయు జుగుప్సకు నాలంబనము శవములు. ప్రేగులు లాగుట, యెముకలు గొఱుకుట మొదలగునవి యుద్దీపనములు. తెల్లవాఱును. సూర్యోదయముతో శవభయము తీఱినది. కుక్కలను బట్టుకొని, తుపాకులు భుజములపై వైచికొని, కాఫీ త్రాగుచు, నవ్వుచు మనుష్యులు వత్తురు. బెన్ కూలును. కొక్కెములు గనఁబడును. అప్పుడు రాత్రినుండి కూడఁబెట్టఁబడిన జుగుప్స యంతయుఁ జోటు మాఱి, కొక్కెములు పట్టిన చేతులమీఁదికిఁ బోవును. స్థాయి మాఱదు, ఆలంబనము మాఱును. రసభంగము గాకుండ నాలంబనమును మార్చుట సులభమైన పని గాదు. శవభక్షణఘట్టము లేకున్న నీ మార్పు లేదు. జుగుప్స యింతగాఁ బెరుగనిచో నుదయమునఁ బ్రేక్షకుఁడు మాఱ్చి మోపుటకేమియు నుండదు. ఆ ఛాయాపటములు కదలకపోవుటయు సొమ్ము తక్కువై కాదు. కదలిక లేనందుననే యవి కథను విడిచి వార్తలలోఁ జేరును. దక్షిణరాష్ట్రములలో నల్లవారిని జంపి, ప్రక్కన నిలిచి తీయించుకొన్న ఛాయాపటములను జూచియున్న యమెరికావారికి వాని యర్థము వేఱుగఁ జెప్పఁబనిలేదు.

ఇది యుద్దేశింపఁబడినదా యని ప్రశ్నింతురు. బెన్ పాత్రను నల్లవానికని వ్రాయలేదని రొమేరో తుదివఱకుఁ జెప్పుచుండెను. వేషమునకు వచ్చినవారిలో డ్యుయేన్ జోన్స్ మేలైనవాఁడగుటచే నతనిని దీసికొనిరి. వ్రాఁతప్రతిలో బెన్ మోటుమాటల లారీతోలువాఁడు. సాహిత్యము చదివినవాఁడును, బోధించువాఁడునగు జోన్స్ ఆ మాటలను సంస్కరించి, పాత్రను నిదానస్థునిగాఁ జేసెను. చిత్రమును ముగించి, దాని ప్రతిని బండిలో వేసికొని న్యూయార్కునకుఁ బోవుచున్న రాత్రి, 1968 ఏప్రిలు 4వ తేదీ, మార్టిన్ లూథర్ కింగు వధ వార్తను రేడియోలో వింటిమని రొమేరో పలుమాఱులు చెప్పెను. కవియుద్దేశమునకు మించిన యర్థము కావ్యమునకుఁ గాలవశమునఁ గలుగుట కలదు. దానిని గ్రహించుట విమర్శకుని పని. 1968లో నా పని జరుగలేదు.

మఱి యీ తీర్పులు తాఱుమాఱగుటకుఁ గారణమేమి? మంచివిమర్శకులు పుట్టుట మాత్రమే గాదు. ఒక యక్షరలోపము.

చిత్రమునకు మొదట ‘నైట్ ఆఫ్ ది ఫ్లెష్ ఈటర్స్’, మాంసభక్షకుల రాత్రి, యని పేరు. పంపకమునకుఁ దీసికొన్న వాల్టర్ రీడ్ సంస్థవారు, దానికి దగ్గఱగా నున్న పేరుతో నింకొక చిత్రమప్పటికే యుండుటచే, మార్చిరి. పేరు మార్చినప్పుడు పేరుపలకను గూడ మార్చిరి. గ్రంథస్వామ్యమును దెలుపు చిహ్నము పాతపలకమీఁద నుండెను, క్రొత్తపలకమీఁద వ్రాయమఱచిరి. అమెరికాలో నప్పుడు చెల్లుచుండిన 1909 నాఁటి శాసనముప్రకారము చిహ్నము లేక ప్రకటింపఁబడిన కృతి సర్వజనులసొత్తు. వ్యాకరణమునఁ బ్రత్యయము లోపించినను దాని కార్యము నిలుచును. కనఁబడకపోవుటయే లోపము గాని లేకపోవుట గాదు. శాసనమునందట్లు గాదు. చిహ్నము లోపించినతోడనే కార్యమును లోపించెను. పదుగురు గూడఁబెట్టిన సొమ్మునకు స్వామ్యము పోయెను. 1976 నాఁటి శాసనము ఈ కాఠిన్యమును సడలించెను. 1989 మార్చినుండి చిహ్నమే యక్కఱలేదు. కాని యీ చిత్రమున కవి యుపయోగపడలేదు.

లోకమున నిట్టి విధివిలాసములు రెండువిధములఁ గలవు. 1922లో జర్మనీదేశమున మూర్నౌ తీసిన ‘నోస్ఫెరాటు’, బ్రామ్ స్టోకరు ‘డ్రాక్యులా’ నవలను ననుమతి లేక కైకొన్నదని స్టోకరు భార్య దావా తెచ్చెను. 1925లో న్యాయస్థానము ప్రతులన్నియు నాశనము చేయవలెనని తీర్పు చెప్పెను. చిత్రము తీసిన సంస్థ యా యొక్క చిత్రముతోనే దివాలా యెత్తెను. స్వామ్యము నిలిచిన కతనఁ బ్రతులు కాలవలసివచ్చినది. తప్పించుకొన్న ప్రతులవలననే యది మిగిలెను. రొమేరో చిత్రమున స్వామ్యము పోయిన కతనఁ బ్రతులు పెరిగెను. కాన్సస్‌లోని లారెన్స్ పట్టణమున వృత్తిశిక్షణచిత్రములు దీయుచుండిన హెర్క్ హార్వీ, సాల్ట్ లేక్ దగ్గఱి సాల్టెయిరను పాడుపడిన విహారభవనమును జూచి, రమారమి 33,000 డాలర్లతో 1962లోఁ దీసిన ‘కార్నివల్ ఆఫ్ సోల్స్’ కథయు నిట్టిదే. అదియు స్వామ్యచిహ్నము లేక వెలువడి, మఱవఁబడి, టెలివిజనులో నడురాత్రులఁ దిరిగి, 1989లో మఱలఁ దెరకెక్కెను. అందులో నీటఁ బడి లేచిన యువతి తాను చచ్చితినని యెఱుఁగదు. ఖాళీభవనపు విశాలతయే భూతము. దానిని గుఱించి వేఱుగ వ్రాయఁదగును.

ఎవ్వరును నడుగఁబనిలేని చిత్రమగుటచే రొమేరో చిత్రమును బ్రతి థియేటరు, టెలివిజను కేంద్రము, వీడియోలమ్ము ప్రతి చిన్నయంగడియు వాడుకొనెను. 1970లో న్యూయార్కులోని ఆధునికకళాప్రదర్శనశాల దీనిని జూపెను. నడిరేయి యాటలలో విద్యార్థులు మఱల మఱలఁ జూచిరి. ఇట్లొక చిత్రమును బట్టుకొని, దాని మాటలు కంఠస్థము చేసి, పదిమాఱులు చూచు బృందములు పుట్టిన చిత్రములను ‘కల్ట్’ చిత్రములనుట వాడుకయయ్యెను. పూజయను నర్థముగల లాటిన్‌శబ్దమే దీనికి మూలము. పూజించువారు విగ్రహపు విఱుగును సయితము పూజింతురు. మొదటి సమీక్షకులు దారిద్ర్యమును దప్పుగాఁ జూచిరి; తరువాతి భక్తులలోఁ గొందఱు తప్పులను గూడ దారిద్ర్యముపేరఁ గొనియాడిరి. బార్బరా సగము కథలో నోరు మెదపక సోఫాపైఁ గూర్చుండుట పాత్రపోషణలోపమనక, పరవశత్వమని వ్యాఖ్యానించుట యిట్టిది.

ప్రతులు పెరిగినకొలఁదిఁ బాఠము చెడెను. ప్రతికిఁ బ్రతి తీసినప్పుడెల్ల నలుపుతెలుపుల నడిమి బూడిదచాయలు నశించును, అంచులు తెగును, ధ్వని మొద్దువాఱును. నలుగురైదుగురు లేఖకులు చేతులు మార్చిన భారతప్రతిలోవలె, మసకయంతయు మూలమునదే యని తరువాతివారు నమ్మిరి. చీఁకటిమసక కల్పితమనియు, గొప్పశిల్పమనియు మెచ్చినవారును గలరు. ఆ మెప్పు వీడియోటేపునకుఁ జెందవలసినది. 1986లో నొక సంస్థ దీనికి రంగులద్దెను. ముప్పదవ వార్షికోత్సవము పేర, కథాకర్తలలో నొకఁడగు రస్సోయే క్రొత్తఘట్టములు దీసి నడుమ నిఱికించి, పాతసంగీతమును దీసివైచి క్రొత్తసంగీతము వేయించెను. రొమేరోకు దానితో సంబంధము లేదు. ప్రక్షిప్తకర్త మూలకర్తలలో నొకఁడే యైనను బ్రక్షిప్తము ప్రక్షిప్తమే. 1990లో టామ్ సావినీ దర్శకత్వమున, రొమేరో వ్రాసిన క్రొత్త సన్నివేశములతో వెలువడిన రంగుచిత్రము మాత్రము వేఱు. అది పాఠాంతరము గాదు, వేఱు గ్రంథము. పోయిన స్వామ్యములో నింతైనను దక్కించుకొనుటకై దానిని దీసిరని చెప్పుదురు.

మూలమాతృక, అనఁగాఁ గెమెరాలో మొదట నెక్కిన నెగటివు, తీసినవారియొద్ద భద్రముగా నుండెను. ఆధునికకళాప్రదర్శనశాలయు, ఫిల్మ్ ఫౌండేషనను సంస్థయుఁ గలసి, రొమేరో మొదలగువారి సలహాతో దానినుండి 2016లో శుద్ధప్రతిని సిద్ధముచేసిరి. నాలుగంచులును వచ్చినవి. బూడిదచాయలు వచ్చినవి. పగటివెలుఁగులోని శ్మశానపు గడ్డియుఁ, జివరి ఛాయాపటములలోని చుక్కచుక్కల మోటుతనమును వేఱువేఱుగఁ గనఁబడుచున్నవి. చౌకప్రతులలోఁ జిత్రమంతయు నొకే మసకగా నుండుటచే నా ఛాయాపటముల మోటుతనము మిగిలినదానిలోఁ గలసిపోయెను. అది కావలెనని చేసిన భేదమని తెలియుట కవకాశములేకపోయెను. చిత్రముయొక్క ముఖ్యార్థము నిలుచు స్థలమే పాఠము చెడిన స్థలమయ్యెను. కాఁబట్టి యీ నడుమ నేఁబదియేండ్లలో వీడియోటేపులను జూచి వ్రాయఁబడిన సమీక్షలను, బొగడ్తలను గాని తెగడ్తలను గాని, యే ప్రతిని జూచి వ్రాసిరో తెలిసికొనక వాడుకొనరాదు. 1968 నాఁటి సమీక్షకుల కీ సాకు లేదు. వారు చూచినవి క్రొత్తప్రతులు.

సొమ్ముమాట మిగిలియున్నది. చౌకచిత్రము కోట్లకొలఁది జనులకుఁ జేరినదని యానందించువారు, తలకు 600 డాలర్లు వేసికొన్న పదుగురిని దలఁచుకొనవలెను. ప్రచారమునకును జీవనమునకును మూలమగు లోపమొక్కటే యగుటచే, దానిని వరమనుటయు శాపమనుటయుఁ జెప్పువాఁడు నిలిచిన చోటునుబట్టి యుండును. లోపము లేకున్నచో స్వామ్యము పంపకపుసంస్థచేతఁ బడి, ప్రతులు పెట్టెలలో నుండిపోయియుండెడివేమో. రొమేరో వృద్ధాప్యమున ధనికుఁడై యుండెడివాఁడేమో. ఈ రెండూహలకును సాక్ష్యము లేదు.

1999లో నమెరికా దేశపు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ రక్షింపఁదగిన చిత్రముల పట్టికలో దీనిని జేర్చెను. డ్యుయేన్ జోన్స్ ఆ పట్టికను జూడలేదు. ఆయన యుపాధ్యాయుఁడుగాను, నాటకదర్శకుఁడుగాను బనిచేసి, 1988లోనే చనిపోయెను.